కొంచెం అడ్జస్ట్ అవ్వండి

గోడంత స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగులో రెండే మాటలున్నాయి: సేఫ్ డ్రాప్. అవి మాకు చూపించి, ఇక లేచి వెళ్లండి అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు ఉదయ్ భాస్కర్.

"చూశారు కదండీ. మంగళవారం రాత్రి షిఫ్టు అయ్యాక నీహారిక గారు ఆఫీసు క్యాబ్ ఎక్కారు. తెల్లాపూర్‌లో ఇంటి దగ్గర దిగారు. దిగినట్టు తన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ డ్రైవర్‌కి చెప్పారు. ఆ నంబరు కొడితేనే ట్రిప్ క్లోజ్ అవుతుంది. ఆ తర్వాత ఆవిడ ఎక్కడికి వెళ్లారో, ఎవరితో వెళ్లారో, అది ఆవిడ పర్సనల్ విషయం. కంపెనీ ఏం చేస్తుంది చెప్పండి?"

'ఎవరితో' దగ్గర గొంతు కొంచెం తగ్గించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రాత్రులుగా ఒక ఆడపిల్ల జాడ లేదు, ఫోన్ స్విచాఫ్. ఈ పెద్దమనిషికి ఆమె నడవడిక మీద సందేహాలు.

నా పేరు రత్నమాల. ప్రగతి నగర్‌లో కర్రీ పాయింట్ పైన గది కిరాయికి తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. పుట్టి పెరిగింది బాలానగర్‌లో, వర్క్‌షాపుల చప్పుడు మధ్య. అందుకే నీ గొంతు అంత పెద్దదని మా ఆయన అంటాడు. ఈ కంపెనీ పేరు మాత్రం రాయను, రాస్తే లాయరు నోటీసు వస్తుంది. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ అనుకోండి, చాలు. ఉదయ్ భాస్కర్ ఆ కంపెనీ తరఫున విచారణ చేస్తున్న మనిషి. రాత్రి క్యాబుల్లో ఆడవాళ్లకు తోడుగా వెళ్లే గార్డులను సరఫరా చేసేది కూడా ఇతగాడి సంస్థే. తన గార్డులు సరిగ్గా పనిచేశారా లేదా అని తనే విచారించి, తనే సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాడు. ఇదేం న్యాయమని అడిగే నాథుడు లేడు!

నా పక్కన కూర్చున్నది ప్రవీణ, నీహారిక అక్క. చెల్లిని వెతికిపెట్టమని నా దగ్గరికొచ్చింది ఈమే. సర్కారు ఆఫీసులో ఉద్యోగం. అక్కాచెల్లెళ్లిద్దరూ తెల్లాపూర్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉంటారు. ప్రవీణ మంగళవారం పని మీద కాకినాడ వెళ్లి, బుధవారం మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఇంటికి వేసిన తాళం వేసినట్టే ఉంది. పోలీసులు మిస్సింగ్ కేసు రాసుకున్నారు. కానీ స్క్రీన్ మీద సేఫ్ డ్రాప్ అని ఉంది కాబట్టి వెతుకులాటంతా తెల్లాపూర్ చుట్టూనే జరుగుతోంది. అక్కడ ఆ పిల్ల అసలు దిగకపోయి ఉంటే? మనం వెతికే ప్రతి గంటా దండగే.

ఏసీ గాలి నేరుగా ప్రవీణ నెత్తి మీద పడుతోంది. తగ్గించమందామని లేవబోయాను.

"ఫర్లేదండీ, అడ్జస్ట్ అవుతాను," అంది ఆమె, ఒళ్లో చేతిసంచిని గట్టిగా పట్టుకుని. నీలం మంగళగిరి చీరముక్కతో కుట్టిన సంచి అది. అంచుకి ఎర్ర దారంతో పువ్వులు కుట్టి ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించింది. "పాత చీరతో నేనే కుట్టానండీ. దీనికి జత సంచి మా నీహారిక లంచ్ బ్యాగ్. మూడేళ్లుగా అదే వాడుతోంది."

"మీ చెల్లికి ఆఫీసుల ఎవరితోనన్న పంచాయితీ ఉండెనా అమ్మా?" అని అడిగాను.

ప్రవీణ ఉదయ్ భాస్కర్ వైపు బెరుకుగా చూసింది. "రేపు శుక్రవారం సేఫ్టీ ఆడిట్ ఉందటండీ. బయటివాళ్లొచ్చి ఉద్యోగుల్ని అడుగుతారట. క్యాబుల్లో గార్డులు పేరుకే ఉన్నారు, సగం రోజులు రానేరారు, వచ్చినా మధ్యలో దిగిపోతారు, అదంతా చెప్పేస్తానంది. నేనే వద్దన్నానండీ. 'నీకెందుకే, కొంచెం అడ్జస్ట్ అవ్వు, ఉద్యోగం జాగ్రత్తగా చూసుకో' అన్నాను." ఆమె కళ్లు నిండాయి. "గార్డు లేకుండా ఖాళీగా ఉన్న ముందు సీట్ల ఫొటోలు బోలెడు తీసింది. అవన్నీ నాకూ పంపింది. నా ఫోన్లోనే ఉన్నాయి."

ఉదయ్ భాస్కర్ చేతిలో తిరుగుతున్న పెన్ను ఆగింది. తలుపు దగ్గర నిలబడ్డ తన మనిషి వైపు ఒక చూపు చూశాడు. ఆ మనిషి పేరు మహేశ్. తాటిచెట్టంత ఎత్తు. ఇందాక గదిలోకి వచ్చేటప్పుడు తలుపు కింద తల వంచుకుని వచ్చాడు.

"పాపం, మేడమ్ గారు నిన్నటి నుంచి ఏమీ తిన్నట్టు లేరండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్, ఎక్కడలేని జాలి తెచ్చుకుని. "మా మహేశ్ ఇంటి దగ్గర దింపేస్తాడు. ఇక్కడ పనంతా రత్నమాల గారు చూసుకుంటారు కదా."

ఆ మాట వరకు నిజమే. ఆమె మనిషి మనిషిలా లేదు, కళ్లు లోపలికి పోయాయి. ఇంటికెళ్లి ఓ ముద్ద తినమని నేనే పంపించాను. "ఎందుకండీ మీకు శ్రమ" అంటూనే ప్రవీణ మహేశ్ వెంట వెళ్లింది.

తలుపు మూసుకోగానే నేను స్క్రీన్ వైపు వేలు చూపించాను. "గా నంబరు ఎక్కడ కొట్టిండ్రో చూపించుండ్రి. టైము కాదు, జాగ. మ్యాపు ఉంటది గద."

"మ్యాప్ డేటా క్యాబులు నడిపే వెండర్ దగ్గర ఉంటుందండీ. సోమవారానికి వస్తుంది."

"సోమవారం దాక ఆ పిల్ల ఏమైపోవాలె?"

"రూల్స్ అలా ఉన్నాయండీ. కొంచెం అడ్జస్ట్ అవ్వాలి మరి."

"నీ చెల్లె అయితె నువ్వు అడ్జస్ట్ అయితవా?"

అతని మొహంలో నవ్వు పోయింది. "మేడమ్, మీరు కర్రీ పాయింట్ మీద ఆఫీసు పెట్టుకుని పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసుకునే మనిషి. ఇది కార్పొరేట్ విషయం. హద్దు దాటకండి."

"పెళ్లి ఎంక్వైరీలల్ల కూడ పిల్లగాని గురించి వాళ్ల మామనే అడిగి రిపోర్టు రాయం సార్. మీరు మీ సంస్థ గురించి మిమ్మల్నే అడిగి రాస్తున్నరు. జర సిగ్గుండాలె."

విసురుగా బయటికొచ్చేశాను. ఆ మాట చెవుల్లో గింగురుమంటోంది. అడ్జస్ట్! బడిలో దానికి మాకు చెప్పిన అర్థం సర్దుబాటు, అంతే. ఈ ఊళ్లో దానికి ఎన్ని అర్థాలున్నాయో ఎవడూ చెప్పలేదు. ఇద్దరు కూర్చునే సీట్లో నలుగురిని కుక్కేటప్పుడు అదే మాట. ఇంటాయన నీళ్లు ఇవ్వనప్పుడు అదే. దవాఖానలో డాక్టరు రానప్పుడు అదే. మొగుడు కొట్టి వచ్చిన పిల్లకి పెద్దలు చెప్పేదీ అదే, లంచం అడిగేవాడు నాజూగ్గా అనేదీ అదే. ఇన్ని అర్థాల్లోనూ ఒకటి మాత్రం మారదు. అనేవాడెప్పుడూ జరగడు, వినేవాడే జరగాలి.

ఆ రాత్రి క్యాబ్‌లో నీహారికతో పాటు ఉన్న ఉద్యోగి హేమంత్. క్యాంటీన్‌లో దొరికాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో కాఫీ కప్పు, కళ్ల కింద నలుపు.

"నేను నల్లగండ్లలో దిగిపోయాను మేడమ్. నా తర్వాత నీహారిక ఒక్కతే. లాస్ట్ డ్రాప్ లేడీ అయితే గార్డ్ కంపల్సరీ కదా, గార్డ్ ఉన్నాడు."

"ఎట్లుండె గార్డు?"

"ఎట్లా అంటే... జాకెట్ వేసుకున్నాడు. ఫ్రంట్ సీట్లో."

"మొఖం?"

కాఫీ కప్పులోకి చూశాడు. "గార్డ్ ఫేస్ ఎవరు చూస్తారు మేడమ్?"

వాణ్ణి అక్కడే నాలుగు దులిపేద్దును. కానీ అతని మొహంలో భయం కనిపించింది, ఆ భయం నాకు పనికొచ్చేలా ఉంది. "నువ్వు దిగినప్పుడు ఓటీపీ చెప్పినవా?"

"దిగినప్పుడా? బండి ఎక్కగానే నంబర్ ఫోన్‌కి వచ్చేస్తుంది, అప్పుడే చెప్పేస్తాం మేడమ్. అందరం పడుకుంటాం కదా. మధ్యలో లేపి నంబర్ అడిగితే నిద్ర పోతుందని ఎక్కగానే అందరివీ డ్రైవర్‌కి చెప్పేస్తాం. ఎవరి స్టాప్ వస్తే వాళ్లది అతనే కొట్టుకుంటాడు."

"నీహారిక గూడ?"

"మొదట్లో చెప్పేది కాదు. దిగాకే చెప్తా అని ప్రతిరోజూ ఆర్గ్యుమెంట్. మేమే..." ఆగిపోయాడు.

"మీరే?"

"కొంచెం అడ్జస్ట్ అవ్వచ్చు కదా, అందరికీ లేట్ అవుతోంది అన్నాం. రెండు నెలల నుంచి తనూ ముందే చెప్పేస్తోంది."

నా చేతిలో టీ గ్లాసు టేబుల్ మీద గట్టిగా పెట్టాను. నలుగురూ తిరిగి చూశారు. చూడనీ! ఇల్లు చేరానని సాక్ష్యం చెప్పాల్సిన నంబరు, ఇల్లు కనపడకముందే డ్రైవరు చేతిలో ఉంది. ఆకుపచ్చ రంగులో మెరిసిపోతున్న ఆ సేఫ్ డ్రాప్ పచ్చి అబద్ధం అయి ఉండొచ్చు. ఇంజనీరింగ్ చదివిన పిల్లలు, రోజుకి వంద పాస్‌వర్డ్‌లు కాపాడేవాళ్లు, తమ ప్రాణానికి వేసిన తాళంచెవి నిద్ర కోసం ఇచ్చేశారు.

విచారణ పేరుతో ఆ క్యాబ్‌ని బుధవారం నుంచి వెనక పార్కింగ్‌లోనే ఆపి ఉంచారు. డ్రైవరు బాలు దాని పక్కనే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏలూరు వైపు మనిషి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అంతా ఉదయ్ భాస్కర్ గారికి చెప్పేశానండి. మేడమ్ గారిని ఇంటి దగ్గరే దింపానండి, ఆయ్."

"చెప్పినవులే. నాకు బండి చూపించు."

వెనక సీట్లు, సీట్ల కింద, డిక్కీ అన్నీ చూశాను. ఒక హెయిర్ క్లిప్పు, నలిగిన చాక్లెట్ కాగితం తప్ప ఏమీ లేవు. నీలం లంచ్ బ్యాగ్ లేదు. ముందు తలుపు తీసి, గార్డు కూర్చునే సీట్లో కూర్చున్నాను. కాళ్లు చాపితే ఎదురుగా ఏదీ తగలలేదు. సీటు పట్టాల మీద పూర్తిగా వెనక్కి, ఇక జరగనంత వెనక్కి ఉంది.

"మంగళవారం రాత్రి ఈడ ఎవరు కూసున్నరు?"

"సాయిలు అండి. గార్డు."

"తర్వాత?"

"ఇంకెవరూ కూర్చోలేదండి. ఆ తర్వాత ట్రిప్పులో ముగ్గురు మగవాళ్లు, వెనకే కూర్చున్నారు. మర్నాడు సాయంత్రం డ్యూటీ ఎక్కకముందే బండి ఇక్కడ పెట్టించేశారు."

పార్కింగ్ గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ సాయిలుని వచ్చేటప్పుడే చూశాను. నా భుజం దాటడు. ఆ మనిషి ఈ సీట్లో కూర్చుంటే కాళ్లు గాల్లో ఊగుతాయి.

"బాలూ, ఇటు చూడు. ఈ సీటు ఎవరు వెనక్కి నూకిండ్రు?"

బాలు సీటు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆ పిల్ల బతికుంటే నీ మాటతోనే బతకాలె. చచ్చిపోతే నీ మాటతోనే చచ్చినట్టు. ఏంది చెప్తవా, లేదా?"

మెట్టు మీద కూలబడిపోయాడు. "సాయిలు రాలేదండి. కొత్త మనిషొచ్చాడు. పొడుగు. జాకెట్ ఉంది కదాని నేనేం అడగలేదు. హేమంత్ సార్ దిగిపోయాక నల్లగండ్ల దగ్గరే బండి ఆపమన్నాడండి. వెనక మా ఆఫీసు కారే వస్తోంది, మేడమ్‌ని అందులో నేను దింపుతాను, నువ్వు ట్రిప్ క్లోజ్ చేసుకుని తర్వాతి పికప్‌కి వెళ్లిపో అన్నాడు. మాకది అలవాటేనండి. ట్రిప్ క్లోజ్ కాకపోతే తర్వాతిది రాదు, లేటైతే ఫైన్ పడుద్ది. అందుకని దారిలో ప్యాసింజర్లని ఒక బండిలోంచి ఇంకో బండిలోకి మార్చేసుకుంటాం. ఓటీపీ ఎలాగూ నా దగ్గరే ఉంది, కొట్టేశాను."

"నీహారిక దిగుతనన్నదా?"

"లేదండి. ఎందుకు దిగాలి, ఇంటిదాకా ఈ బండే కదా అన్నారు." బాలు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "నేనే అన్నానండి, మేడమ్, ఈ ఒక్కసారికి అడ్జస్ట్ అవ్వండి అని. మా ఆవిడకి నెలలు నిండాయి, వేగం ఇంటికెళ్లాలని ఆవిడకి తెలుసండి. నా మొహం చూసి దిగారు. లంచ్ బ్యాగ్ తీసుకుని, 'వదిన జాగ్రత్త బాలూ' అని వెళ్లారండి."

నాకు కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఎవరి మాటకూ లొంగని పిల్ల, చివరికి జాలికి లొంగింది. ఆ జాలి మీదే దెబ్బ కొట్టారు దొంగ వెధవలు.

"సాయిలూ!" అని అరిచాను. గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. ఒంటిమీద వెలిసిన చొక్కా ఒక్కటే ఉంది. మిగిలిన గార్డులందరికీ మెరిసే గీతల జాకెట్లున్నాయి.

"జాకెట్ ఏది?"

"ఉతికేసిన మేడం."

"గీ ఎండకు రెండు దినాల సంది ఆరలేదా? నాకు కోపం తెప్పించకు సాయిలూ."

తల దించుకున్నాడు. "నా పెండ్లాం పోచమ్మకు పాణం మంచిగ లేకుండె మేడం. నేను పరేషాన్‌ల ఉంటి. 'నీ బదులు ఈ రాత్రి నేను పోత, జాకెట్ ఇచ్చి ఇంటికి పో, ఎవ్వరికి చెప్పకు, జర అడ్జస్ట్ చేస్కుందాం' అన్నడు. ఎంత మంచి సారో అనుకున్న."

"ఎవరన్నరు?"

"మా మహేశ్ సారు."

తలుపు కింద తల వంచుకుని వచ్చిన మనిషి. ప్రవీణ ఫొటోల మాట ఎత్తగానే ఉదయ్ భాస్కర్ ఎవరి వైపు చూశాడో ఇప్పుడు అర్థమైంది. రేపు ఆడిట్‌లో ఆ ఫొటోలు బయటపడితే ఈ టవరులోనే కాదు, చుట్టుపక్కల ఏ టవరులోనూ అతని గార్డులకు పని ఉండదు. నీహారికను నోరెత్తకుండా దాచినవాళ్లు, అవే ఫొటోలు తన ఫోన్లోనూ ఉన్నాయని చెప్పిన అక్కని ఊరికే ఇంటి దగ్గర దింపుతారా? నేనే కదా ఆమెను ఆ కారెక్కించి పంపాను!

ఫోన్ చేశాను. మోగింది. మోగుతూనే ఉంది. చివరికి ఎత్తింది.

"ప్రవీణా, యాడున్నవమ్మా?"

"నల్లగండ్ల దగ్గరండీ. కారేదో మొరాయించిందట. మహేశ్ గారు పాపం వేరే కారు పిలిపించారు. అందులోకి మారమంటున్నారు. ఫర్లేదండీ, నేను అడ్జ..."

"ఎక్కకు!" నా అరుపుకి పార్కింగంతా మారుమోగింది. "ఆ కారెక్కకు! మంగళవారం నీ చెల్లెను ఆడనే బండి మార్పిచ్చిండ్రు. ఎక్కిచ్చింది ఆ మహేశే. జనం ఉన్న దిక్కు నడువు!"

అవతల నుంచి బండ్ల హారన్లు వినిపిస్తున్నాయి. తర్వాత చాలా చిన్నగా, గుసగుసలా అంది ప్రవీణ: "కారు తలుపు తీసే ఉందండీ. సీటు కింద... దాని లంచ్ బ్యాగ్ ఉంది. నేను కుట్టిందే."

వెనక నుంచి మగ గొంతు, ఎంతో మర్యాదగా: "లేటైతుంది మేడం. జర అడ్జస్ట్ అయి కూసోండ్రి."

బాలు అప్పటికే ఇంజన్ స్టార్ట్ చేశాడు. నేను పక్కన ఎక్కి తలుపు వేసేలోగా లిఫ్టు దగ్గర్నుంచి ఉదయ్ భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు, టై భుజం మీదికి ఎగిరి ఉంది. పైనుంచి మమ్మల్ని కెమెరాలో చూస్తూనే ఉన్నట్టున్నాడు.

"ఆ బండి విచారణలో ఉందండీ! బయటికి తీయడానికి వీల్లేదు! సాయిలూ, గేటు తీశావంటే ఈ రోజుతో నీ ఉద్యోగం ఆఖరు!"

సాయిలు గేటు కడ్డీ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం తన బాస్ వైపు చూశాడు. "పోతె పోనీ సారు. ఇగ నాతోని కాదు," అన్నాడు. కడ్డీ పైకి లేచింది.

నా ఒళ్లో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. బండి గేటు దాటుతుంటే అందులోంచి ప్రవీణ గొంతు వినిపించింది. ఏసీ తగ్గించమని అడగడానికి మొహమాటపడిన గొంతేనా అది! నల్లగండ్ల రోడ్డంతా ఆగి చూసేలా అరుస్తోంది.

"ఎక్కను! నేను అడ్జస్ట్ కాను! అయ్యా, రండయ్యా, వీడు మా చెల్లిని ఎత్తుకుపోయాడు! ఎక్కడరా నా చెల్లి? ఎక్కడ పెట్టావు?"

ఆ తర్వాత ఫోన్ నేలకేసి కొట్టినట్టు పగిలిన చప్పుడైంది. లైన్ తెగిపోయింది.